ఖాకీ కొలువు కోరే పల్లె యువకులు ముందుగా వేసుకోవలసిన లెక్క

సదుం: ఇంటర్మీడియట్ గట్టెక్కిన కుర్రవానికి సదుం, సోమల, చౌడేపల్లె ప్రాంతాల పల్లెల్లో పెద్దలు చూపించే దారులు నాలుగైదుకు మించి ఉండవు. బెంగుళూరుకు పోయి ఏదో ఒక కంపెనీలో చేరడం, పాడి ఆవులు పట్టుకుని ఇంటి దగ్గరే ఉండడం, డిగ్రీకి మదనపల్లెకో పుంగనూరుకో బస్సు ఎక్కడం, లేదంటే పోలీసు ఉద్యోగానికి పరుగు నేర్చుకోవడం. ఇందులో చివరి దారికి గౌరవం ఎక్కువ. నెల తిరిగేసరికి జీతం, ఒంటిమీద ఖాకీ, ఊళ్లో మాటకు విలువ ఉంటాయని తల్లిదండ్రులు ఆశపడతారు. టమోటా ధర ఒక సంవత్సరం నిలబెట్టి మరుసటి సంవత్సరం కూలదోసే మెట్ట ప్రాంతంలో, వానను నమ్ముకోని కొలువు మీద మనసు పడడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ కొలువుకు ఒక ధర ఉన్నది. ఆ ధర లంచం కాదు, సిఫారసు కాదు. యువకుని వయసులోని సంవత్సరాలే ఆ ధర. వాటిని ఎన్ని పెట్టవచ్చు, ఎన్ని పెట్టకూడదు, పెట్టిన తరువాత చేతికి వచ్చే పని ఎటువంటిది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చూసుకోకుండా పరుగు మొదలుపెట్టిన వారు తరువాత ఇబ్బంది పడుతున్నారు.

నిరీక్షణే పెద్ద పరీక్ష

ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుళ్లను, సబ్ ఇన్‌స్పెక్టర్లను రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి ఎంపిక చేస్తుంది. 2018 నవంబరులో ఈ మండలి 2,723 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. కానిస్టేబుళ్లతో పాటు జైలు వార్డర్లు, ఫైర్‌మెన్ పోస్టులు కూడా అందులో ఉన్నవి. ఆ ఎంపిక ఫలితాలు 2019 సెప్టెంబరులో వచ్చినవి. అంటే పది నెలల్లో పని ముగిసింది.

ఆ తరువాతి ప్రకటన నాలుగేళ్లకు గాని రాలేదు. 2022 నవంబరు 28న 6,100 కానిస్టేబుల్ పోస్టులకు, 411 ఎస్సై పోస్టులకు ప్రకటన వెలువడింది. కానిస్టేబుల్ పోస్టులలో 3,580 సివిల్ విభాగానివి, 2,520 ఏపీఎస్పీ పటాలాలవి. అయిదు లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగింది. నాలుగున్నర లక్షల మందికి పైగా రాస్తే 95,208 మంది గట్టెక్కారు. ఇక పరుగు పరీక్షే తరువాయి అనుకుని వారంతా మైదానాలకు చేరుకున్నారు.

ఆ పరుగు పరీక్ష ఎమ్మెల్సీ ఎన్నికల వల్ల ఒకసారి ఆగింది. తరువాత కోర్టు వ్యాజ్యాలు వచ్చినవి. చివరకు 2024 డిసెంబరు 30న గాని దేహ దారుఢ్య పరీక్షలు మొదలు కాలేదు. తుది రాత పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు 2025 ఆగస్టు 1న. ప్రకటన నుంచి ఫలితం దాకా రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు.

ఈ లెక్కను ఒక ఇంటికి అన్వయించి చూస్తే సంగతి తెలుస్తుంది. 2018లో పద్దెనిమిదేళ్లు నిండి, ఆ సారి కొద్దిలో తప్పిపోయిన కుర్రవానికి మరుసటి ప్రకటన వచ్చేనాటికి ఇరవై రెండు. ఫలితం వచ్చేనాటికి ఇరవై అయిదు. తొమ్మిది నెలల శిక్షణ కూడా ముగిసి స్టేషన్ మెట్లు ఎక్కేసరికి ఇరవై ఆరు దాటుతుంది. ఎంపికైన వానికి ఇది సరే. ఎంపిక కాని వాడు అదే ఇరవై ఆరేళ్ల వయసులో, చేతిలో ఇంటర్మీడియట్ సర్టిఫికెట్టు ఒక్కటే పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి దారి వెతుక్కోవలసి వస్తుంది. నాలుగున్నర లక్షల మంది రాసిన పరీక్షలో ఉద్యోగం వచ్చేది ఆరు వేల మందికి. అంటే డెబ్భై అయిదు మంది కూర్చుంటే ఒక్కనికి. మిగిలిన డెబ్భై నాలుగు మంది సంగతి ఎవరూ చెప్పుకోరు.

అందువల్ల పోలీసు పరీక్షకు తయారు కావడం తప్పు కాదు గాని, దానికొక్కదానికే కూర్చోవడం తప్పు. డిగ్రీ చదువుతూ తయారయ్యే వానికి ప్రకటన ఆలస్యమైనా చదువు చేతికి వస్తుంది. పైగా డిగ్రీ ఉంటే ఎస్సై పరీక్షకు కూడా అర్హత వస్తుంది. చదువు మాని, పట్టణంలో గది అద్దెకు తీసుకుని, కోచింగుకు అప్పు చేసి, ప్రకటన కోసం ఆకాశం వంక చూసే వానిది వాన కోసం ఎదురు చూసే రైతు పరిస్థితే. వాన రాకపోయినా రైతుకు భూమి మిగులుతుంది. వీనికి అదీ ఉండదు.

వయసు, ఎత్తు, చూపు

2022 ప్రకటనలో కానిస్టేబులుకు పద్దెనిమిదేళ్లు నిండి ఇరవై నాలుగు దాటకూడదని నిబంధన పెట్టారు. అభ్యర్థుల విన్నపం మీద ప్రభుత్వం తరువాత రెండేళ్లు సడలించింది. బి.సి., ఎస్.సి., ఎస్.టి. వర్గాల వారికి అయిదేళ్ల సడలింపు వేరుగా ఉన్నది. చదువు ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత. ఎస్సైకి డిగ్రీ కావాలి. ప్రతి ప్రకటనలోనూ వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారో స్పష్టంగా రాస్తారు. ఆ ఒక్క వాక్యం సరిగా చదవక నష్టపోయేవారు ఉన్నారు గనుక దానిని రెండుసార్లు చదువుకోవడం మంచిది.

పురుషులకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఛాతీ 86.3 సెంటీమీటర్లు, గాలి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. మహిళలకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు, బరువు కనీసం 40 కిలోలు. ఏజెన్సీ ప్రాంత గిరిజనులకు కొలతలు కొంత తగ్గించారు. ఎత్తు అన్నది సాధనతో వచ్చేది కాదు. అర సెంటీమీటరు తక్కువైనా వెనక్కి పంపుతారు. కాబట్టి ఊళ్లో గోడకు గీత గీసి చూసుకోవడం కాకుండా, ఆసుపత్రిలోనో బడిలోనో సరైన కొలబద్దతో ముందే కొలిపించుకోవాలి.

కంటిచూపు విషయం కూడా అంతే. రెండు కళ్లకూ దూరపు చూపు పూర్తిగా ఉండాలి. రంగులు గుర్తుపట్టలేని వారిని తీసుకోరు. మోకాళ్లు ఒరుసుకోవడం, పాదం అడుగున వంపు లేకపోవడం, కాలి నరాలు ఉబ్బి ఉండడం వంటి లోపాలను కూడా వైద్యులు చూస్తారు. రంగుల చూపు లోపం ఉన్నవానికి ఆ సంగతి తనకే తెలియకపోవచ్చు. ఎరుపు, పచ్చ కలిసిపోయి కనిపించినా వాడు చిన్ననాటి నుంచి అలాగే చూసి ఉంటాడు. మూడేళ్లు పరుగెత్తి, పరీక్షలు నెగ్గి, చివర వైద్య పరీక్షలో ఈ సంగతి తెలుసుకోవడం కన్నా, మొదటి వారంలోనే కంటి డాక్టరును కలవడం మేలు.

నాలుగు చుట్లు, ఎనిమిది నిమిషాలు

మైదానంలో మూడు పరీక్షలు ఉంటాయి. పురుషులు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలి. 400 మీటర్ల మైదానమైతే నాలుగు చుట్లు. వంద మీటర్లు 15 సెకన్లలో, పొడవు దూకడం 3.80 మీటర్లు. మహిళలకు 1600 మీటర్లకు పది నిమిషాల ముప్పై సెకన్లు, వంద మీటర్లకు 18 సెకన్లు, పొడవు దూకడం 2.75 మీటర్లు. సివిల్ కానిస్టేబులుకు 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. మిగిలిన రెండింటిలో ఒకటి నెగ్గితే చాలు. ఏపీఎస్పీకి మూడూ నెగ్గాలి, వాటికి మార్కులు కూడా ఉన్నవి.

చేను పనికి, గొడ్ల వెంట నడకకు అలవాటు పడిన పల్లె పిల్లలకు ఈ దూరం కొత్త కాదు. అయినా నడక వేరు, పరుగు వేరు. ప్రకటన వచ్చిన మరునాడు లేచి ఒకేసారి మైలు పరుగెత్తబోతే మోకాలో పిక్కో పట్టేస్తుంది. 2025 జనవరిలో మచిలీపట్నంలో జరిగిన పరీక్షలో 1600 మీటర్లు పరుగెత్తుతూ ఒక యువకుడు కుప్పకూలి ప్రాణం పోగొట్టుకున్నాడు. పరుగు మొదలుపెట్టక ముందు ఒకసారి గుండె, రక్తపు పోటు చూపించుకోవడం, దూరాన్ని నెలల మీద కొద్ది కొద్దిగా పెంచుకోవడం అవసరం.

ఇంకొక జాగ్రత్త కూడా ఉన్నది. ఈ ప్రాంతంలో తెల్లవారుజామున తారు రోడ్ల మీద పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. అదే వేళకు టమోటా లారీలు, పాల వ్యాన్లు వేగంగా పోతుంటాయి. చీకట్లో డ్రైవరుకు మనిషి కనిపించడు. హైస్కూలు మైదానమో, నీళ్లు లేని చెరువు లోపలి గట్టి నేలో ఉండగా రోడ్డు మీద పరుగెత్తడం ప్రాణంతో ఆట. తారు రోడ్డు గట్టిదనానికి మోకాళ్లు కూడా త్వరగా అరుగుతాయి.

పరుగు మీద పెట్టే శ్రద్ధ రాత మీద పెట్టకపోవడం పల్లె అభ్యర్థుల పెద్ద లోపమని చెప్పాలి. ప్రాథమిక పరీక్ష 200 మార్కులకు, మూడు గంటలు. ఓ.సి.లకు 40 శాతం, బి.సి.లకు 35 శాతం, ఎస్.సి., ఎస్.టి.లకు 30 శాతం మార్కులు వస్తే అర్హత. అంకగణితం, తార్కికం, ఇంగ్లీషు, సామాన్య శాస్త్రం, చరిత్ర, భూగోళం, రాజ్యాంగం, వర్తమాన సంగతులు ఇందులో ఉంటాయి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. సివిల్ కానిస్టేబుల్ ఎంపికను చివరకు తేల్చేది తుది రాత పరీక్షలోని 200 మార్కులే. మైదానంలో అందరికన్నా ముందు వచ్చిన వానికి సివిల్ విభాగంలో ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. ఎనిమిదో తరగతి లెక్కలు బాగా వచ్చినవాడు ఇక్కడ ముందుంటాడు.

స్టేషన్ లోపల ఏమి పని?

సినిమాల్లో పోలీసు అంటే కొట్టేవాడు, తుపాకీ పేల్చేవాడు. సదుం వంటి పల్లెటూరి స్టేషన్‌లో ఏడాదంతా జరిగే పని వేరు. కానిస్టేబులు రోజు పారాతో మొదలవుతుంది. స్టేషన్ గుమ్మం దగ్గర కాపలా, రాత్రి బీటు, కోర్టుకు సమన్లు, వారంట్లు చేరవేయడం, నిందితులను కోర్టుకు తీసుకుపోయి తిరిగి తేవడం, రోడ్డు ప్రమాదం జరిగితే ట్రాఫిక్కు చూడడం, బావిలోనో చెరువులోనో శవం తేలితే పంచనామా ముగిసేదాకా కదలకుండా నిలబడడం. చేతివ్రాత బాగుంటే రైటరు దగ్గర కూర్చోబెడతారు. ఫిర్యాదులు, జనరల్ డైరీ, కేసు కాగితాలు, కోర్టుకు పోయే దస్తావేజులు అన్నీ ఆ బల్ల మీదనే తయారవుతాయి. స్టేషన్‌లో లాఠీ కన్నా కలానికే ఎక్కువ పని.

వచ్చే కేసులు కూడా పల్లెల్లో అందరికీ తెలిసినవే. గట్టు తగాదా, దారి తగాదా, బోరు మోటారు కేబుల్ వైరు దొంగతనం, పశువుల దొంగతనం, కర్ణాటక నుంచి తెచ్చే మద్యం, భార్యాభర్తల పంచాయతీ, ఇల్లు విడిచి పోయిన పిల్ల, సెల్‌ఫోనుకు వచ్చిన మాటను నమ్మి బ్యాంకులో డబ్బు పోగొట్టుకున్న రైతు. గట్టు తగాదాలో ఇరుపక్షాలవారూ అన్నదమ్ముల బిడ్డలే అయి ఉంటారు. ఎవరి వైపు మాట్లాడినా రెండోవారికి కోపం. అక్కడ ఓపికగా విని, ఏది పోలీసు కేసు, ఏది సివిల్ కోర్టుకు పోవలసిన తగాదా అని విడమరచి చెప్పగలవాడే పనికొచ్చే పోలీసు.

చట్టం కూడా మారింది. 2024 జూలై 1 నుంచి పాత పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, దానితో పాటు కొత్త విచారణ చట్టం, సాక్ష్య చట్టం అమలులోకి వచ్చినవి. సోదా చేసేటప్పుడు వీడియో తీయాలి. ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలి. నేరం వేరే స్టేషన్ హద్దులో జరిగినా ఫిర్యాదు తీసుకోక తప్పదు. ఫిర్యాదుదారుకు ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లో చెప్పాలి. అరెస్టు చేసేటప్పుడు పాటించవలసిన పద్ధతులను సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులోనే నిర్దేశించింది. పోలీసు తన పేరు కనిపించేలా ధరించాలి, అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం ఉండాలి, బంధువుకు కబురు చేయాలి. ఇవన్నీ నేర్చుకోవలసిన కొలువు ఇది. కండబలం చాలుననుకుని వచ్చేవాడు మొదటి కేసులోనే కోర్టులో తడబడతాడు.

రెండు భాషలు అదనం

ఈ ప్రాంతపు పిల్లలకు ఒక సహజమైన అనుకూలత ఉన్నది. కుప్పం నుంచి ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక. పుంగనూరు, మదనపల్లె దాటితే కోలారు జిల్లా. సంతకు వచ్చే వ్యాపారి, లారీ డ్రైవరు, కూలి, దొంగ ఏ భాషవాడైనా కావచ్చు. తమిళం, కన్నడం వింటూ పెరిగినవాడు విచారణలో ఇతరులకన్నా ముందుంటాడు. ఇంట్లో వచ్చే ఆ రెండు భాషలను చిన్నచూపు చూడకుండా చదవడం కూడా నేర్చుకుంటే కొలువులో అక్కరకు వస్తుంది.

బందోబస్తు ఈ ప్రాంతపు పోలీసులకు పంటల వంటిది. ఒకటి ముగియకముందే ఇంకొకటి వస్తుంది. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర, బోయకొండ గంగమ్మ దగ్గర రద్దీ, కుప్పం గంగమ్మ జాతర, తిరుమల బ్రహ్మోత్సవాలు, ఎన్నికలు, మంత్రుల పర్యటనలు. అందరూ పండుగ చేసుకునే రోజే పోలీసుకు రోడ్డు మీద డ్యూటీ. 2019 జూన్‌లో రాష్ట్రంలో పోలీసులకు వారానికొక సెలవు ప్రకటించారు. అయినా ఏ ఉత్తర్వు ఉన్నా బందోబస్తు వచ్చిందంటే సెలవు రద్దవుతుంది. ఈ కొలువులో చేరేవాడే కాదు, వానికి పిల్లనిచ్చేవారు కూడా ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

ప్రమాదం మాటల్లో కాదు

ప్రాణాపాయం కూడా దూరపు మాట కాదు. ఎర్రచందనం దొంగ రవాణాను అడ్డుకునే పనిలో 2024 ఫిబ్రవరిలో కె.వి.పల్లె మండలం గుండ్రవారిపల్లె దగ్గర ఒక కానిస్టేబుల్‌ను స్మగ్లర్ల కారు గుద్దింది. ఆయన ప్రాణాలు కోల్పోయారు. ఏపీఎస్పీ పటాలం నుంచి టాస్క్‌ఫోర్సుకు వచ్చి పనిచేస్తున్నవారు ఆయన. 2023 ఆగస్టు 4న పుంగనూరు బైపాస్ దగ్గర రాజకీయ పర్యటన సందర్భంగా జరిగిన గొడవలో రాళ్ల దెబ్బలకు పలువురు పోలీసులు గాయపడ్డారు, పోలీసు వాహనాలు తగులబడినవి. ఒక పార్టీ వారు ఇంకొక పార్టీ వారి మీద విసిరిన రాయి మధ్యలో నిలబడ్డవానికే ముందు తగులుతుంది. ఆ మధ్యలో నిలబడడమే పోలీసు పని.

ప్రతి సంవత్సరం అక్టోబరు 21న దేశమంతటా పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. ఆ రోజున జిల్లా కేంద్రంలో చదివే పేర్ల జాబితాలో ఎక్కువ భాగం కానిస్టేబుళ్లవే ఉంటాయి.

జీతం, పైకి పోయే మెట్లు

2022 ప్రకటన ప్రకారం కానిస్టేబుల్ వేతన స్కేలు రూ. 25,220 నుంచి 80,910. ఎస్సైకి రూ. 44,570 నుంచి 1,27,480. దీనికి కరవు భత్యం, ఇంటి అద్దె కలుస్తాయి. కానిస్టేబులుగా చేరినవాడు హెడ్ కానిస్టేబులు, ఏఎస్సై, ఎస్సై దాకా ఎదగవచ్చు. అయితే ఒక్కొక్క మెట్టుకు ఏళ్లు పడతాయి. నేరుగా ఎస్సైగా చేరితే సర్కిల్ ఇన్‌స్పెక్టరు, డీఎస్పీ దారి దగ్గరవుతుంది. డీఎస్పీ ఉద్యోగం గ్రూప్-1 ద్వారా, ఐ.పి.ఎస్. సివిల్ సర్వీసు పరీక్ష ద్వారా నేరుగా కూడా దొరుకుతాయి. శక్తి ఉన్న పిల్లవానిని ఇంటర్‌తో ఆపి కానిస్టేబులు పరీక్షకు తొందరపెట్టడం కన్నా డిగ్రీ పూర్తి చేయనివ్వడం ఎందుకు మంచిదో ఈ మెట్ల వరుసే చెబుతుంది.

సివిల్ విభాగం, ఏపీఎస్పీ ఒకటే అనుకునేవారు కూడా ఉన్నారు. సివిల్ కానిస్టేబులు స్టేషన్‌లో జనం మధ్య పనిచేస్తాడు. ఏపీఎస్పీ వాడు పటాలంలో ఉంటాడు. ఎక్కడ అల్లరి జరిగినా, తుఫాను వచ్చినా, ఎన్నికలు వచ్చినా అక్కడికి పోతాడు. రాయలసీమలో కడప, అనంతపురం, కర్నూలులో ఈ పటాలాలు ఉన్నవి. ఇల్లు విడిచి నెలల తరబడి ఉండగలవారికే అది సరిపడుతుంది. సివిల్ వారు కూడా సొంత ఊరి స్టేషన్‌లోనే పోస్టింగు దొరుకుతుందని లెక్క పెట్టుకోకూడదు.

ఒక్క కేసు చాలు

అన్ని పరీక్షలూ నెగ్గిన తరువాత ఇంకొక గండం ఉంటుంది. అభ్యర్థి నడవడి మీద విచారణ జరుగుతుంది. ఏదైనా క్రిమినల్ కేసులో పేరు ఉన్నదా, అరెస్టు జరిగిందా అన్నది అభ్యర్థి స్వయంగా రాసి ఇవ్వాలి. తరువాత స్టేషన్ రికార్డులతో సరిచూస్తారు. కేసు దాచిపెట్టినవారి సంగతిని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో విచారించింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలనీ, దాచినట్లు తేలితే నియామకం రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నదనీ, చిన్నపాటి కేసులైతే పరిస్థితులు చూసి మన్నించవచ్చుననీ చెప్పింది. నిజం రాస్తే ఆలోచించే వీలు ఉంటుంది, దాస్తే ఆ వీలు కూడా పోతుంది.

ఇది పల్లెల్లో అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. ఎన్నికల రోజుల్లో జెండా కర్రతో పరుగెత్తిన కుర్రవాడు, జాతరలో తోపులాటకు దిగినవాడు, గట్టు తగాదాలో చిన్నాయన వెంట పోయి ఊరికే నిలబడినవాడు కూడా ఫిర్యాదులో పదకొండో ముద్దాయిగానో పన్నెండో ముద్దాయిగానో ఎక్కుతాడు. పెద్దలు రెండేళ్లకు రాజీ పడతారు. పిల్లవాని పేరు మాత్రం కాగితంలో ఉండిపోతుంది. కొడుకును పోలీసును చేయాలనుకునే తండ్రి ముందుగా చేయవలసింది తన తగాదాలకు వానిని దూరంగా ఉంచడం. ఎదుటివారి కొడుకు పేరును కక్షకొద్దీ ఫిర్యాదులో రాయించే పెద్దమనుషులు కూడా, తాము రాయిస్తున్నది ఒక కుటుంబపు కొలువును పోగొట్టే వాక్యమని తెలుసుకోవాలి.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు ప్రతి ప్రకటనకూ పుట్టుకొస్తారు. రాత పరీక్ష ఓ.ఎం.ఆర్. పత్రం మీద, జవాబుల తాళిక బయట పెట్టి, అభ్యంతరాలు తీసుకుని దిద్దేది. 2022లో కానిస్టేబుల్ దరఖాస్తు రుసుము ఓ.సి., బి.సి.లకు 300 రూపాయలు, ఎస్.సి., ఎస్.టి.లకు 150. ఆ పైన ఎవరికి ఇచ్చిన డబ్బయినా పోయిన డబ్బే.

ఆడపిల్లలకు అవకాశం

సివిల్ పోస్టులలో మూడో వంతు మహిళలకు కేటాయించారు. స్టేషన్‌కు వచ్చే ఆడవారు మగ పోలీసు ముందు నోరు విప్పలేని సంగతులు ఎన్నో ఉంటాయి. వరకట్న వేధింపు, పసిపిల్లల మీద అఘాయిత్యం వంటి కేసుల్లో మహిళా కానిస్టేబులు లేకపోతే దర్యాప్తే సాగదు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించడంతో, పల్లెలోని ఆడపిల్లలకు ఈ పని కొంత దగ్గరగా కనిపించింది. పరుగెత్తే అమ్మాయిని చూసి ఊళ్లో నవ్వేవారు ఉంటారు. పది నిమిషాల ముప్పై సెకన్లు అన్నది రోజూ నీళ్ల బిందె మోసే పిల్లకు, కొన్ని నెలల సాధనతో, అందని పని కాదు.

ఈ తలుపు ఒక్కటే కాదు

రాష్ట్ర ప్రకటన ఆలస్యమైనప్పుడు కేంద్ర బలగాల వైపు చూడడం తెలివైన పని. సరిహద్దు దళం, సి.ఆర్.పి.ఎఫ్., సి.ఐ.ఎస్.ఎఫ్. వంటి వాటికి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ కానిస్టేబుల్ పరీక్ష పెడుతుంది. దీనికి పదో తరగతి చాలు. 2024 నుంచి ఈ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. ఇక్కడ ఎత్తు పురుషులకు 170 సెంటీమీటర్లు, మహిళలకు 157. పురుషులు అయిదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. రాష్ట్ర పరీక్షకు తయారైన వానికి ఇందులో సగం తయారీ ముందే అయిపోయి ఉంటుంది. రైల్వే రక్షక దళం, అటవీ శాఖ, అగ్నిమాపక శాఖ పరీక్షలు కూడా ఇదే కోవలోనివి. ఏదో ఒక తలుపు దగ్గరే కూర్చోవడం కన్నా నాలుగు తలుపులు తట్టడం మంచిది.

తలారి పోయిన తరువాత

ఒకప్పుడు పల్లెలో శాంతిభద్రతలు మునసబు, తలారి చూసేవారు. దొంగతనం జరిగినా, అనుమానాస్పద మరణం జరిగినా కబురు మోసుకుని స్టేషన్‌కు పోయేవాడు తలారే. ఆంధ్ర ప్రాంతంలో పోలీసు వ్యవస్థకు మూలమైన చట్టం 1859 నాటిది. కంపెనీ పాలన ముగిసిన మరుసటి సంవత్సరమే అది వచ్చింది. పాలకుని ఆజ్ఞ అమలు చేయడానికి పుట్టిన శాఖ అది. పల్లె ప్రజలకు పోలీసు అంటే నేటికీ ఉన్న భయంలో ఆ పుట్టుక నీడ కనిపిస్తుంది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. ఆ తరువాత పల్లెకు, పోలీసుకు మధ్య ఉన్న పాత మనిషి లేకుండా పోయాడు. తగాదా వచ్చిన రైతు నేరుగా స్టేషన్ చెట్టు కింద నిలబడవలసి వచ్చింది.

ఆ చెట్టు కింద నిలబడిన వానికి లోపల కూర్చున్నది ఎవరన్నది చాలా పెద్ద విషయం. నిరుడు పంట పోయి అప్పులవాని చేత మాట పడిన ఇంటి పిల్లవాడు, తెల్లవారక ముందే పాలు పితికి కేంద్రానికి పోసి బడికి నడిచిన పిల్ల ఆ కుర్చీలో ఉంటే, వచ్చినవాని భయం అర్థమవుతుంది. ‘కూర్చో నాయనా, ఏం జరిగిందో నిదానంగా చెప్పు’ అన్న మాట వారి నోటి నుంచి సులువుగా వస్తుంది. ఖాకీ తొడుక్కోగానే ఊరిని మరిచి, పొలం నుంచి వచ్చినవానిని గదమాయించే వాడయితే, ఆ ఊరి పిల్లవాడు పోలీసు అయినందువల్ల ఊరికి ఒరిగేది ఏమీ లేదు.

కాబట్టి ఈ కొలువు కోరే యువకుడు గోడ మీద నాలుగు మాటలు రాసుకుని రోజూ చూసుకోవచ్చు. ఎత్తు, చూపు మొదటి వారంలోనే పరీక్షించుకోవాలి. డిగ్రీ ఆపకూడదు. ఎన్నేళ్లు ప్రయత్నించేదీ ముందే నిర్ణయించుకుని ఆ గడువు దాటకూడదు. తగాదాల్లో పేరు పడనివ్వకూడదు. కొలువు వస్తే సంతోషమే. రాకపోయినా డిగ్రీ, గట్టి ఒళ్లు, మచ్చలేని పేరు మిగులుతాయి. వాటితో ఇంకొక దారి వెతుక్కోవడానికి వయసు కూడా మిగిలి ఉంటుంది.